కిటికీలోంచి అందిన బిడ్డ

ఈ సాయంత్రం ఆదోని బస్టాండులో బస్సెక్కి కూర్చున్నానో లేదో, కిటికీలోంచి రెండు చేతులు ఒక పసిబిడ్డను నా ఒళ్ళోకి దించాయి. "అక్కా, ఈ పక్క సీటు మాది, రవ్వంత పట్టుకో" అన్న గొంతు వెంటనే గుంపులో కలిసిపోయింది. ఇంటికొచ్చి, పని ముగించుకుని, మా అమ్మాయిని నిద్రపుచ్చాక కూడా ఆ బిడ్డ బరువు నా ఒళ్ళోనే ఉన్నట్టుంటే, కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

కరోనా రోజుల్లో తల్లులైన నా ఈడువాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. మా అమ్మాయి లాక్‌డౌన్‌లో పుట్టింది. పత్తి జిన్నింగు మిల్లుల వెనకవీధిలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. మిల్లు నుంచి వచ్చిన మా ఆయన పెరట్లో స్నానం చేస్తే గానీ బిడ్డను తాకనిచ్చేదాన్ని కాదు. పాలపొట్లాన్ని సబ్బునీళ్ళతో కడిగేదాన్ని. పక్కింటివాళ్ళు ముద్దు చేయడానికి వస్తే తలుపు సగం మూసే మాట్లాడేదాన్ని. ఊళ్ళో జబ్బు తగ్గినా నా భయం తగ్గలేదు. ఏడాది దాటి బిడ్డకు నడక వచ్చింది గానీ, మా ఇద్దరివి తప్ప ఇంకో ముఖం కనబడితే ఊపిరి బిగబట్టి ఏడ్చేది. జబ్బు నుంచి కాపాడబోయి దీన్ని మనుషులకే దూరం చేశానా అన్న బెంగ, పైకి చెప్పుకోలేని బెంగ, లోపల నన్ను తొలిచేది.

అప్పుడు ఎమ్మిగనూరు నుంచి మా వదినె, అంటే మా ఆయన అక్క, వచ్చింది. "ఏమ్మా, పత్తిమూటను దాసినట్టు దాసినావే బిడ్డను! పత్తికైనా రవ్వంత ఎండ తగలాల గదా. పద, ఏటికి పోయొద్దాం" అంటూ మరుసటి ఉదయమే మా ఇద్దరినీ బయల్దేరదీసింది.

బస్సు ఆగీ ఆగకముందే తువ్వాళ్ళు, సంచులు కిటికీల్లోంచి సీట్లలో పడుతున్నాయి. మా వదినె చేతిలో తువ్వాలు లేదు, నా బిడ్డ ఉంది. నేను బ్యాగు సర్దుకుని తలెత్తేలోగా, "అవ్వా, ఈ పక్క సీటు మాది, బిడ్డను పట్టుకో!" అని కిటికీలోంచే ఎవరి ఒళ్ళోనో కూర్చోబెట్టేసింది. ఆ తోపులాటలో లోపలికి చేరేసరికి నా ప్రాణం పోయి వచ్చింది. ఏడుపు కోసం చెవులు రిక్కించాను. అది వినబడకపోవడం ఇంకా భయంగా ఉంది.

చూద్దును గదా, బురఖా వేసుకుని, మాస్కు పెట్టుకున్న ఒక ముసలమ్మ ఒళ్ళో కూర్చుని, ఆమె గాజులు ఒక్కొక్కటే జరుపుతోంది మా పిల్ల. "యాడికీ పోదులే బేటీ, నా ఒళ్ళోనే ఉండాది గదా" అన్నదామె నా ముఖం చూసి. నా చెయ్యి శానిటైజరు సీసా మీదికి పోవడం కనిపెట్టి, ఏమీ అనుకోకుండా రెండు అరచేతులూ చాపి, "నాకూ ఎయ్యి" అంది. ఆమెను చూసి మా పిల్లా చేతులు చాపింది.

"సూడప్పా కండక్టరూ, ఇంగ టికెట్టు గూడా అడుగుతాది ఇది!" అన్నాడు వెనకసీటాయన. చుట్టూ అందరూ నవ్వారు.

నేను పిలిస్తే పిల్ల రాలేదు. దారి పొడవునా అక్కడే. కిటికీ బయట విచ్చుకున్న పత్తిచేలు, కోటేకల్ గుట్టలు, ఎన్నాళ్ళకో నా ముఖానికి తగిలిన గాలి. ఎమ్మిగనూరు ఇంకాస్త దూరముందనగా ఒక పల్లె దగ్గర ఆమె దిగిపోతుంటే మాత్రం గుక్కపట్టి ఏడ్చింది. ఇంకో మనిషి కావాలని అది ఏడవడం అదే మొదలు. మా వదినె సముదాయిస్తోంది గానీ, నాకు మాత్రం ఆ ఏడుపు ఇంకాసేపు వినాలనిపించింది.

ఎమ్మిగనూరులో వేడివేడి ఉగ్గాని, బజ్జీ తిని, నందవరం మీదుగా ఆటోలో తుంగభద్ర ఒడ్డుకు పోయాం. చీలమండల దాకా చల్లటి నీళ్ళు. పిల్ల నీళ్ళు చిమ్ముతుంటే, పక్కన బట్టలుతికే ఆడవాళ్ళు తిరిగి దాని మీద చిమ్ముతుంటే, ఆపాలని నాకు తోచనేలేదు.

ఆ ముసలమ్మ మాస్కు దించలేదు. కళ్ళు తప్ప ఆమె ముఖం నేను చూడలేదు. ఎదురుపడినా గుర్తుపట్టలేను, చేతులు పట్టుకుని మేలు చేశావమ్మా అని చెప్పుకోలేను. ఇప్పుడు మాస్కులు పోయాయి, నా బ్యాగులో సీసా ఉండే చోట మా అమ్మాయి రంగుపెన్సిళ్ళు ఉంటున్నాయి. అందరి ముఖాలూ తెరిచే ఉన్నాయి గానీ, ఫోన్ల మీదికి వంగిన ఆ ముఖాల్లో కళ్ళు కలవడమే అరుదైపోయింది. కిటికీలోంచి బిడ్డను అందించేవాళ్ళు ఇంకా మిగిలి ఉన్నందుకే ఈ సాయంత్రం నాకంత సంతోషం.

బస్సులో కాసేపటికి, నా ఒళ్ళోని ఆ బిడ్డ తల్లి జనాన్ని తోసుకుంటూ, రొప్పుతూ వచ్చింది. ఆమె కళ్ళలోని భయం నేనెరిగినదే.

"యాడికీ పోదులేమ్మా, నా ఒళ్ళోనే ఉండాది గదా" అన్నాను.