మూడో సీసా

రాజమండ్రి కాలేజీ ఒకదానిలో జువాలజీ మ్యూజియం అటెండరు కుక్కుటేశ్వరరావు. రోజూ పొద్దున్నే భుజం మీది తువ్వాలుతో సీసాలు తుడుస్తాడు. ఉభయచరాల బీరువా దగ్గర విద్యార్థులు ఆగితే, వినివిని నేర్చుకున్న పాఠం తనే చెబుతాడు. "తోకున్నది సాలమాండరండి. తోక లేనిది కప్ప. అసలు కాళ్ళే లేనిది సిసీలియన్. చూడ్డానికి పాములా ఉంటుంది గానీ కప్పకి చుట్టమండి." మొదటి రెండు సీసాలూ చేతిలోకి తీసి చూపిస్తాడు. మూడోదాన్ని ముట్టుకోడు.

అది ఆయన తెచ్చిందే. పదేళ్ళ కిందట వానాకాలంలో పోలవరం కొండలకు విద్యార్థులతో వెళ్ళినప్పుడు, ఒక రాయి తిప్పితే గుడ్ల చుట్టూ చుట్టుకుని కనిపించింది. పామనుకుని, మట్టితో సహా డబ్బాలోకి తోశాడు. కాలేజీకొచ్చాక బతికుండగానే, చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ పోశాడు. అది పైకి రావాలని చూడలేదు. చుట్టను ఇంకా ఇంకా బిగించుకుంది. మర్నాడు లెక్చరరు మురిసిపోతూ, "తల్లయ్యా ఇది! గుడ్లు కాస్తోంది" అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో బోర్లించిన గిన్నె ఎత్తాలన్నా కుక్కుటేశ్వరరావు ఒక్క క్షణం ఆగుతాడు.

కిందటి వారం కొత్త లెక్చరరు రాజరాజేశ్వరిగారు ఆ సీసా మూత తీసి, గుడ్లు విడదీసి వేరే సీసాలో పెట్టమని పట్టకారు చేతికిచ్చారు. ఆయన దాన్ని బల్లమీద పెట్టేశాడు.

"నా వల్ల కాదండి."

"అదేంటండీ, అది చచ్చిపోయి పదేళ్ళయింది కదా!"

"చచ్చిపోవడం నేను చూశానండి. వదలడం చూళ్ళేదు."