హారన్‌కు కళ్ళెం

మార్కాపురంలో మైకుసెట్టు ఏలీయా మంచివాడే. కానీ సౌండు దగ్గరికొచ్చేసరికి ఎవరి మాటా లెక్కచేయడు. కుర్రతనంలో పలకల ఫ్యాక్టరీలో రంపం దగ్గర పనిచేశాడు. ఆ దుమ్ము పడక సినిమా హాల్లో ఆపరేటరు కింద చేరాడు. తెర వెనక నిలబెట్టిన పెద్ద హారన్ స్పీకర్లతో ఆయనకు జత కుదిరింది అక్కడే. హాలు మూతపడ్డాక పాతసామాన్ల వాళ్ళు వాటిని తూకానికి కొనబోతే, పోట్లాడి మరీ ఇంటికి తెచ్చుకున్నాడు.

నిరుడు వాటిని పుల్లలచెరువు పక్కన తను పుట్టిన ఊరి ప్రార్థనా మందిరానికి ఇచ్చాడు. శబ్దాన్ని విడదీసి పంచే లోపలి క్రాస్ఓవర్లు పాడైపోతే కొత్తవి తానే కట్టాడు. అదేం బ్రహ్మవిద్య కాదని ఆయన అంటాడు గానీ, బ్రహ్మవిద్యే. రాగితీగ చుట్టిన కాయిల్ బరువైన శబ్దాన్ని కింది స్పీకరుకు పంపుతుంది. కండెన్సర్ సన్నని శబ్దాన్ని మాత్రమే హారన్‌కు వదులుతుంది. పాత హారన్ నోరు పెద్దది, కాస్త కరెంటు తగిలినా అరుస్తుంది. దానికి కళ్ళెంలా మధ్యలో ఒక రెసిస్టెన్సు పడాలి. అది ఎంత ఉండాలో లెక్క కొంతవరకే చెబుతుంది. మిగతాది చెవి చెప్పాలి. ఆ చెవి తనకుందన్న గర్వం తప్ప ఏలీయా వెనకేసుకున్న ఆస్తేమీ లేదు.

మొదటి ఆదివారం పాటలో కంచు తాళాలు ఆయనకు మందంగా వినిపించాయి. రెసిస్టెన్సు తగ్గించాడు. అయినా చాల్లేదు, మళ్ళీ తగ్గించాడు. ఎలా ఉందని అడిగితే పాస్టరయ్య "శానా బాగుందన్నా" అన్నాడు. ఊరికే ఇచ్చిన మనిషిని, అందులోనూ పెద్దవాణ్ణి, కాదని ఎవరంటారు? ఆడవాళ్ళ వైపు చూస్తే అందరూ నెత్తిన కప్పుకున్న కొంగులు చెవుల మీదికి బిగించి, తలలు వంచుకొని ఉన్నారు. ఇంత భక్తి ఆ ఊళ్ళో ఆయనెన్నడూ చూడలేదు. తన సౌండుకే ఊరు కరిగిపోయిందని మురిసిపోయాడు, పిచ్చిమారాజు.

శుభ శుక్రవారం దగ్గరపడింది. ఇక రెసిస్టెన్సు పూర్తిగా పీకేసి తీగ నేరుగా కలిపేద్దామని, క్రాస్ఓవర్లు ఇంటికి తెచ్చి సోల్డరింగ్ కడ్డీ వేడిచేస్తుంటే, భార్య యేసుమణి ఆగలేకపోయింది.

"తీయొద్దయ్యా. వాళ్ళు కొంగులు బిగించేది భక్తికి కాదు, చెవులు మూసుకునేదానికి. ఎలీషబా పెద్దమ్మ అయితే లోపలికే రాకుండా బయట కూసుంటా ఉంది."

"సౌండు సంగతి నీకేం తెలుసే?"

యేసుమణి బల్ల మీద ఆయన సౌండు పరీక్షకు ఉంచుకున్న కంచు తాళాలు తీసుకొని ఆయన వెనక్కి పోయి నిలబడింది. ఏలీయా తల తిప్పకుండానే విసుక్కున్నాడు.

"ఏంది అట్ల నిలబడినావు? వాయించేదుంటే వాయించు."

"వాయిస్తానే ఉండానయ్యా."

ఆయన తిరిగి చూశాడు. ఆమె చేతుల్లో తాళాలు మెల్లగా ఒకదాన్నొకటి తాకుతూనే ఉన్నాయి.

ఏలీయా కడ్డీ పక్కన పెట్టేశాడు. మనుషుల మాట వినబడుతూనే ఉంది, సన్నని మోతే పోయింది. ఆ చెవుల్ని రంపం తిన్నదో, ఇన్నేళ్ళ మైకులు తిన్నాయో, వయసే తిన్నదో! ఊరంతటికీ తెలిసింది తనకే తెలియలేదన్న సిగ్గు ఒకవైపు, ఇక ఈ పనికి తాను పనికిరానన్న భయం ఒకవైపు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచినందుకు తననే తిట్టుకుంటూ యేసుమణి ఆయన పక్కన కూర్చుంది.

ఆ వారంలోనే ఇద్దరూ మందిరానికి వెళ్ళారు. పాస్టరయ్య మైకు దగ్గర తాళాలు వాయిస్తుంటే, ఏలీయా ఒక్కో రెసిస్టెన్సే మార్చి పెడుతున్నాడు. యేసుమణి ఆడవాళ్ళ చాప మీద కూర్చొని వింటోంది.

"ఇంకా గుచ్చుతా ఉంది... ఇదీ అంతే... ఇది మరీ మొద్దుగా ఉంది, ఇందాక పెట్టినావే, దాని పక్కది పెట్టు... ఆఁ, ఇది!"

ఆమె సరేనన్న దానిలో ఆయనకు తాళం ఆనవాలే వినబడలేదు. కడ్డీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. తన చెవికి తప్పుగా తోచినదాన్ని తన చేత్తో అతికించడం ఆయన ఎరగడు.

"నిజంగా మోగుతా ఉందా మణీ?"

"మోగుతా ఉందయ్యా. శానా బాగా మోగుతా ఉంది."

అతికించాడు.

ఈస్టరు పండగ వెళ్ళాక పామూరు నుంచి టెంటుహౌసు కోటి ఫోన్ చేశాడు. పాత హారన్లు దొరికినాయి, క్రాస్ఓవర్లు కట్టేదానికి వస్తావా పెదనాయనా అని అడిగాడు. యేసుమణి చేస్తున్న పని ఆపి చూస్తోంది.

"వస్తా నాయనా, ఇద్దరం వస్తాం. కట్టేది నేను, వినేది మా ఇంటామె. నాకు చెవులు పోయినాయి."