మిరప కల్లంలో మూడు తుమ్ములు

బడిలో చేర్చే ముందు పిల్లల్ని పరీక్షించే ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక గట్టి నమ్మకం ఉండేది: నా సంచిలోని కొయ్యదిమ్మలు, బొమ్మల అట్టలు ముందు పెడితే ఏ బిడ్డ సంగతైనా అరగంటలో తేలిపోతుందని. (నమ్మకం పోయింది, సంచి మాత్రం అటక మీద ఉంది.) ఆ ధీమాతోనే దర్శి దగ్గర ఒక ఊరికి వెళ్లాను. అక్కడ చిట్టి అనే ఆరేళ్ల పిల్లను బడిలో చేర్చుకోనంటున్నారు. పరాయివాళ్ల ముందు నోరు విప్పదు. హెడ్‌మాస్టరు గారిది ఒకటే మాట: "మీ ఎదుట ఏదన్నా మాట్లాడితే ఈ పూటే పేరు రాస్తానండి. లేదంటే గుంటూరులో ఇలాంటి పిల్లల హాస్టలుకు పంపించండి." తల్లి లేని ఆ పిల్లను సాకుతున్న నాయనమ్మ, హాస్టలు మాట వినగానే కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

కోతల రోజులు. ఆమె పని వదిలి రాలేదు కాబట్టి పరీక్ష మిరప కల్లంలోనే, రాశి పక్కన గోనెపట్టా మీద మొదలైంది. ఆమె రంగు మారిన తాలుకాయలు ఏరుతూనే ఉంది. పిల్ల తుమ్మినప్పుడల్లా తలెత్తకుండానే "చిరంజీవ" అంటోంది. నేను ఆవు బొమ్మ చూపించాను. గొడుగు చూపించాను. వెంట వచ్చిన హెడ్‌మాస్టరు గారు గడియారం చూసుకున్నారు. "ఏమే, సారు అడుగుతుంటే చెప్పవేందే! ఇంట్లో నా చెవులు చిల్లులు పొడుస్తావు గదా!" అని నాయనమ్మ కసిరింది. పిల్ల నా మొహమే చూస్తోంది. మరో అట్ట తీయబోతుండగా ఘాటు ముక్కుకెక్కి తుమ్మాను. అట్టలు రాశిలో పడ్డాయి. ఏరబోయి మళ్లీ తుమ్మాను. ఈసారి కళ్లజోడు కూడా పడింది. ఆఫీసరును దీవించడం మర్యాద కాదనుకున్నారేమో, పెద్దవాళ్లెవరూ కిమ్మనలేదు.

"చిరంజీవ" అంది చిట్టి.

నాకు మూడో తుమ్ము వచ్చింది.

"చిరంజీవ! ఏందీ మనిషి!"

"దాన్ని మాట కింద తీసుకోవచ్చంటారా?" అని హెడ్‌మాస్టరు గారు నసిగారు. "నిక్షేపంగా తీసుకోవచ్చండి" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. (మిరప ఘాటే.) ఆయన నవ్వేసి, "సరే, పిల్లను తీసుకురామ్మా" అన్నారు. నాయనమ్మ నా అట్టలు దులిపి ఇస్తూ, "ఈ బొమ్మలతో పనేముంది సారూ, ముందే తుమ్మితే పోయేది గదా!" అంది.

చాలా ఏళ్ల తర్వాత, ప్రత్యేక విద్యా విధానం రాసే కమిటీలో కూర్చున్నప్పుడు, బిడ్డను తనకు అలవాటైన చోట, తనవాళ్ల మధ్యే పరిశీలించాలన్న వాక్యం పట్టుబట్టి చేర్పించాను. ఆధారమేమిటని అడిగారు. "క్షేత్రానుభవం" అన్నాను గంభీరంగా. తుమ్మానని చెప్పలేదు. ఆనాటి డైరీలో మాత్రం ఉంది.

ఇప్పుడు పోపు ఘాటుకు తుమ్మినప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతాను. ఎవరూ ఏమీ అనరు. దీవించాల్సిన వయసు నాదే. అయినా ఆ సంచి మోసుకుని తిరిగిన కుర్రాడు నాలో ఇంకా చెవి ఒగ్గి కూర్చునే ఉన్నాడు.