మంగ ఈనిన సాయంత్రం

పోలీసు జీపు మైకులో అరుచుకుంటూ సైదాపేట వంతెన దాటిపోయింది. ఎగువన చెరువు నిండిందట, చీకటి పడేలోగా నీళ్లు వదులుతారట, అడయారు ఏటి ఒడ్డున ఎవరూ ఉండకూడదట. అప్పటికే గోవిందమ్మ గట్టు దిగి ఏట్లో ఉంది. ఆ మాట ఆమె చెవిన పడకపోలేదు. చెరువుకేం, వదులుతుంది. తన గేదె మంగ మధ్యాహ్నం నుంచి కనబడటం లేదు, అదీ నిండుచూలు.

తప్పెవరిదంటే గోవిందమ్మదే. నెలలు నిండిన గేదెను పలుపు వేసి కట్టేస్తే ఈనడం కష్టమవుతుందని వాళ్ల అత్త చెప్పేది. అత్త పోయి ఎన్నేళ్లయినా ఆ మాట మాత్రం ఈమెను వదల్లేదు. పొద్దునే మంగ మెడలో పలుపు విప్పేసింది. కొడుకు శ్రీకుమార్ చూసి, "వానాకాలంలో ఎనుమును విడిచిపెడతావా మా? నీకేమన్నా తెలివుండాదా?" అని అరిచాడు కూడా. వాడు షోళింగనల్లూరు ఆఫీసులకు క్యాబు తోలుతాడు. వాడి లెక్కలో గేదె అంటే ఇరుకు వాకిట్లో పేడ, దోమలు, పక్కింటివాళ్లతో రోజూ తగువు. అమ్మేస్తే పీడా పోతుందంటాడు. వాడు ఆ ఊసెత్తగానే గోవిందమ్మకు చెవుడు వచ్చేస్తుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె వాకిట్లో గేదె లేని రోజు లేదు. మొగుడు పోయిన రోజున కూడా పాలు పిండాకే ఏడ్చిన మనిషి.

తమిళ ఐప్పసి నెల వానలు పడ్డాయంటే ఆ ఒడ్డు ఊరి సంగతే మరిచిపోతుంది. తుంగ మనిషెత్తు లేచింది. మురుగు కంపు తగ్గి మట్టివాసన వేస్తోంది. వేరే రోజైతే లకుముకి పిట్ట నీళ్లలో పడి చేపతో లేవడం చూసి, "భలేదానివే" అని పలకరించి మరీ పోయేది. ఇవాళ ఆమె కళ్లు తెల్లకొంగల కోసమే వెతుకుతున్నాయి. గేదె మేసిన చోటల్లా గడ్డిలోంచి లేచే పురుగుల కోసం కొంగలు వెంట తిరుగుతాయి. కొంగలు కనబడితే మంగ కనబడ్డట్టే.

కొంగలు లేవు. కాళ్ల ముందు నుంచి నీరుకట్టె పామొకటి గట్టు మీదికి జరజరా పాకిపోయింది. కాస్త అవతల ఎలుక ఒకటి పిల్లను నోట కరుచుకుని పరుగెడుతోంది. పీతలు బొక్కలు విడిచి తుంగకాడలు పట్టుకుని ఎక్కుతున్నాయి. గోవిందమ్మకు అర్థమైంది. ఏట్లో ఉన్నవన్నీ పైకి పోతుంటే తనొక్కతే కిందికి పోతోంది.

అప్పుడు కనబడ్డాయి గద్దలు. ఏటి నడుమ ఇసుక దిబ్బ మీద గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒకటి దిగి, ఎర్రటిదేదో కాళ్లతో లాక్కుని లేచింది. ఈనాక పడే మాయ! ఈనింది మంగ. లేక కుక్కలు పడ్డాయా? గోవిందమ్మ చీర ఎగదోపుకుని మొలలోతు నీళ్లలో దిగింది.

దిబ్బ మీద మంగ నిలబడి ఉంది. కాళ్ల దగ్గర నల్లటి దూడ. దాన్ని నాకుతూనే ఉంది. గోవిందమ్మకు ప్రాణం లేచివచ్చింది. "నా తల్లే, నా బంగారమే" అంటూ కూలబడి దూడను ఒళ్లోకి లాక్కుంది.

దూడ చల్లగా ఉంది.

ముక్కులో జిగురు తీసింది. నోట్లో ఊదింది. డొక్కలు రుద్దింది, కాళ్లు పట్టి ఊపింది. పెయ్యదూడ. మంగ దాంతోపాటు ఆమె చేతుల్ని కూడా నాకింది.

నీళ్లు ఇసుక అంచును కోసేస్తున్నాయి. గట్టు మీంచి శ్రీకుమార్ కేక వినబడింది. "మా! నీళ్లు వస్తా ఉండాయి! దాన్ని ఆడనే విడిచిపెట్టి వచ్చెయ్!"

గోవిందమ్మ మంగ కొమ్ములు పట్టి లాగింది, వీపు మీద చరిచింది, తిట్టింది, బతిమాలింది. మంగ కదల్లేదు. బిడ్డను విడిచి ఏ తల్లి వస్తుంది?

ఏడుస్తూనే దూడను నీళ్లలోకి దించింది. నీళ్లలో బరువు తెలియలేదు. ఒక చెయ్యి పొట్ట కింద, ఒక చెయ్యి గడ్డం కింద పెట్టి, ముక్కులోకి నీళ్లు పోకుండా తల ఎత్తి పట్టుకుంది. తల వాలితే మంగకు తెలిసిపోతుందని ఆమె భయం.

"రా, నీ బిడ్డను తీస్కపోతా ఉండా, రా" అంది, వెనక్కి తిరక్కుండా.

వెనక చప్పుడు లేదు. నీళ్లు రొమ్ముల దాకా వచ్చాయి. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి మీద పడుతోంది, కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. ఇంక రాదు అనుకుంది. అంతలో దబ్బుమని నీళ్లు చిమ్మాయి, మెడ వెనక వెచ్చటి ఊపిరి తగిలింది.

శ్రీకుమార్ నడుంలోతు దిగి దూడను చేతుల్లోకి తీసుకున్నాడు. దాని తల వాడి మోచేతి మీంచి వేలాడిపోయింది.

"మా, ఇది..."

"నోరు మూసుకో" అంది గోవిందమ్మ పళ్ల బిగువున. "దాని ముందర చెప్పబాక. ఇల్లు చేరనీ."

గట్టెక్కి చూస్తే దిబ్బ ఉన్నచోట ఎర్రటి నీళ్లు తప్ప ఏమీ లేవు. మంగ ఒళ్లు విదిలించుకుని, శ్రీకుమార్ చేతుల్లోకి మూతి పెట్టి మళ్లీ నాకడం మొదలుపెట్టింది. వాడు కదలకుండా నాకనిచ్చాడు. తర్వాత దూడ తలను పైకెత్తి భుజానికి ఆనించుకున్నాడు.

"పెయ్య మా" అన్నాడు గట్టిగా, మంగ వైపే చూస్తూ. "బాగుండాది."