బరువు పెరిగితే పేరు కొట్టేసే సేవ

కోయంబత్తూరు, మదురైల్లో పాత తెలుగు పేటలున్నాయట కదా, అక్కడి పిల్లలకు ఏదైనా చేయాలని ఉంది, ఎలా వెళ్లాలి, ఎక్కడ దిగాలి అని ఈమధ్య చాలామంది రాస్తున్నారు. దారి చెబుతాను. కానీ మిల్లులు మూడు షిఫ్టులూ నడుస్తున్న రోజుల్లో అదే దారిన నేను చేసిన ఒక ప్రయాణం కూడా చెబుతాను. అది దాచి ఉత్త బస్సుల వేళలు చెబితే మీకు అన్యాయం చేసినట్టే. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు, మద్రాసులో నర్సుని. ఒక సేవాసంఘం ఆ రెండు ఊళ్లలో కార్మికుల పిల్లలకు తిండి కేంద్రాలు నడిపేది. అక్కడి తల్లులు ఇంట్లో మాట్లాడేది తెలుగు కాబట్టి తెలుగు వచ్చిన నర్సు కావాలన్నారు. చేరాను. మూడు నెలలకొకసారి వెళ్లి పిల్లల్ని తూచి, కార్డుల్లో రాసి, ఆ కార్డులు మదురై ఆఫీసులో అప్పజెప్పి రావడం నా పని. పుణ్యం చేస్తున్నాననుకుంటూ ఐదుసార్లు వెళ్లొచ్చాను. ఇది ఆరోసారి సంగతి.

మద్రాసులో రాత్రి బండి ఎక్కితే తెల్లారి ఆరుకల్లా కోయంబత్తూరులో దింపేది. స్టేషన్ బయట కాఫీ తాగి సింగానల్లూరు వైపు వెళ్లే టౌన్ బస్సు ఎక్కేదాన్ని. టికెట్టు అర్ధరూపాయి లోపే. ఏడు దాటిందంటే షిఫ్టు మారేవాళ్లతో కాలు పెట్టే చోటుండదు. అందులోనూ నా చేతిలో తూకం యంత్రం ఉన్న చెక్కపెట్టె. ఆ రోజు కండక్టరు నా మాట విని తెలుగులోకి మారాడు. "పెట్టెలో ఏముండాదమ్మా?" అన్నాడు. పిల్లల్ని తూచేదన్నాను. "ఓ, ఎడ చూసే నర్సమ్మా మీరు!" అన్నాడు. ఎడ అంటే అక్కడ బరువు. పెట్టెకు టికెట్టు కొట్టలేదు, కానీ నవ్వనూ లేదు. మర్యాద చేశాడనుకున్నాను. అప్పట్లో ఎవరు ఏం చేసినా మర్యాదే అనుకునేదాన్ని.

మిల్లు గోడ వెనక వరసగా పెంకుటిళ్లు, ఆ వరస చివర మా రేకుల షెడ్డు. ఆ ఇళ్లలో కొందరు మిల్లులో పనిచేసేవాళ్లు, కొందరు మునిసిపాలిటీలో వీధులూడ్చేవాళ్లు. వాళ్ల ముత్తాతల కాలం నుంచీ అక్కడే ఉన్నారు. చదువుకున్నది అరవం, కొట్లాడుకున్నా లాలిపాడినా తెలుగు. షెడ్డులో వంట రంగమ్మక్కది. కారమడై ఆమె పుట్టిల్లు, యాభై దాటిన మనిషి. రాగి గంజి, వారానికి రెండుసార్లు గుడ్డు, రోజూ గ్లాసు పాలు. ఇక్కడొక నియమం చెప్పాలి. కార్డు మీద ఒక ఎర్రగీత ఉంటుంది. బిడ్డ బరువు ఆ గీత కింద ఉంటే తిండి పెడతారు. గీత దాటితే బిడ్డ బాగుపడినట్టు లెక్క. పేరు కొట్టేసి, ఆ చోటు ఇంకో బిడ్డకిస్తారు. కార్డుతోపాటే పలక, నోటుబుక్కులు, కంటి మందు, ఇంట్లో పెద్దవాళ్లను డాక్టరు చూడటం, అన్నీ పోతాయి. కార్డు లేని బిడ్డ షెడ్డులోకి రాకూడదు. ఆ కొట్టివేత గీత గీసేది నేను. ఎర్ర సిరా పెన్ను నా జేబులోనే ఉండేది.

ఎనిమిదింటికి తూకం మొదలుపెట్టాను. దూలానికి కొక్కెం, కొక్కేనికి యంత్రం, దానికి వేలాడే గుడ్డ చెడ్డీలో బిడ్డ. రాత్రి షిఫ్టు నుంచి నేరుగా వచ్చిన తల్లుల జుట్టు నిండా దూది పోగులు. పదో బిడ్డో, పదకొండో బిడ్డో సెల్వి. నాలుగేళ్లుంటాయి. పోయినసారి గీతకు దాదాపు తగులుతూ ఉంది. ఈసారి గీత దాటుతుందని నేనే అనుకున్నాను. ముల్లు చూస్తే ముప్పావు కిలో తక్కువ. జ్వరం లేదు, విరేచనాలు లేవు, కళ్లు బాగున్నాయి. పొట్ట మాత్రం వీపుకు అంటుకుపోయి ఉంది. కిందికి దింపగానే ఆ పిల్ల రంగమ్మక్క గంజి గుండిగ దగ్గరికి పరిగెత్తి, గరిటె అంచున ఎండి అంటుకున్నది గోటితో గీరి నోట్లో పెట్టుకుంది.

"నిన్న ఏం తిన్నావే?" అని అడిగాను.

"ఏమీ లే. నిన్నా లే, మొన్న రాత్రీ లే. నిన్న షెడ్డుకూ పంపలే. ఎడ అయినంక పెడతానన్నాది అమ్మ."

నాకు ఒళ్లు మండిపోయింది. దాని తల్లి పేరు మారక్క. మిల్లులో వేస్టు దూది ఏరే పని. అంతమంది ముందు ఆమెను నిలబెట్టి అరిచాను. కన్న బిడ్డ కడుపు మాడ్చి దొంగ తూకం ఇస్తావా, నువ్వు తల్లివేనా అన్నాను. ఆ మాట అన్నాను, ఇక్కడ దాచను. మారక్క తల దించలేదు.

"మా పెద్దదాన్ని, రాజమ్మను, మీరే కదమ్మా కొట్టేస్తిరి. 'బాగుండాది, సంతోషం' అని చెంప నిమిరి కొట్టేస్తిరి. గేపకముందా?"

జ్ఞాపకం లేదు. ఎందరినో నిమిరాను.

"రండి, చూద్దురు," అంది.

వెళ్లాను. నాలుగో ఇల్లు. గుమ్మంలో ఆరేళ్ల పిల్ల కూర్చుని బీన్స్ గిల్లుతోంది. నన్ను చూడటానికి తల మొత్తం ఒక పక్కకు తిప్పింది. ఎడమ కంట్లో నల్లగుడ్డు మీద తెల్లటి పొర. మారక్క గొంతు పెంచకుండా చెప్పింది. కార్డు పోయాక పాలు ఆగాయి, కంటి మందు ఆగింది. రెండు నెలలకు తట్టు పోసింది. జ్వరం తగ్గేసరికి కన్ను తెల్లబడింది. షెడ్డుకు డాక్టరు వచ్చిన రోజు ఎత్తుకుని పరిగెత్తితే, గుమ్మం దగ్గర కార్డు అడిగారు. నోటుబుక్కులు లేక, పలక మీద రాసింది కనబడక, బడి కూడా మానేసింది.

"తిని ఎడ ఎక్కినందుకు పెద్దదాని కన్ను పోయె. చిన్నదానికి రెండు కండ్లూ ఉండాలంటే నేనేం చెయ్యాల? మీరే చెప్పండి, నర్సమ్మా."

తొమ్మిది నెలలుగా షెడ్డుకు నాలుగిళ్ల దూరంలో ఆ పిల్ల ఉంటే, పేరు కొట్టేసిన బిడ్డ మళ్లీ నా కంటపడదు కాబట్టి నేను చూడనే లేదు. తిరిగొచ్చి రంగమ్మక్కను అడిగాను, ఇలా ఎంతమంది చేస్తున్నారని.

"అందురూనమ్మా. ఎడకు ముందునాడు ఈ సందులో పొయ్యి వెలిగినా బిడ్డకు పెట్టరు. పిల్లలు ఏడ్చేది రోడ్డు దాకా వినబడతాది. మీకు ఎవురు చెప్తారు? మీ చేతిలో కదా ఎర్ర పెన్ను ఉండేది."

కండక్టరు ఎందుకు నవ్వలేదో అప్పుడర్థమైంది. మిగతా పిల్లల్ని తూచలేదు. అందరికీ గంజి పోయమన్నాను. కార్డున్నవాళ్లకూ, లేనివాళ్లకూ. పన్నెండు కాకముందే గుండిగ ఖాళీ.

మరునాడు మారక్క షిఫ్టు మానుకుని, సెల్విని రంగమ్మక్క దగ్గర వదిలి, రాజమ్మతో నా వెంట బయల్దేరింది. మదురైలో కంటి డాక్టరుకు చూపిద్దామన్నాను. ఊళ్లో బస్టాండు నుంచి పొద్దున ఐదున్నర బస్సు. ఇప్పుడైతే సింగానల్లూరులోనే మదురై బస్సులు దొరుకుతాయి. పల్లడం, తారాపురం, ఒడ్డన్‌చత్రం, దిండిగల్ మీదుగా ఆరు గంటల దారి. టికెట్టు పదిహేను రూపాయల లోపే ఉన్నట్టు గుర్తు. కుడిపక్క కూర్చుంటే కొండలు చక్కగా కనిపిస్తాయని ఇంకెప్పుడైనా అయితే రాసేదాన్ని. ఆ రోజు నేను కొండలు చూడలేదు. దిండిగల్లో డ్రైవరు బండి ఆపి, "పదిహేను నిమిషాలే. ఆలస్యమైతే వదిలేసి పోతా" అని అరిచాడు. ఇడ్లీలు తెప్పించాను. రాజమ్మ ఆకు మీద చెయ్యి పెట్టి ఆగి, తల తిప్పి తల్లి ముఖం చూసింది.

"తినొచ్చా అమ్మా? ఈపొద్దు ఎడ లేదా?"

నాకు ఏడుపు రాలేదు. నా ఇడ్లీలు కూడా దాని ఆకులోకి తోశాను. ఆరేళ్ల పిల్లకు ఆకలంటే నేరమని నేర్పింది ఎవరో కాదు, సేవ పేరుతో మేమే. పిల్ల ఆరు ఇడ్లీలు తింది. డ్రైవరు హారన్ కొట్టి కూడా మా కోసం ఆగాడు.

మదురైలో పెద్దాసుపత్రి కంటి విభాగంలో మధ్యాహ్నం రెండింటికి చూశారు. ఎడమ కన్నుకు చూపు రాదన్నారు. కుడి కన్ను కాపాడుకోవచ్చట. మందిచ్చారు. ఆ డాక్టరమ్మ నా చేతిలోని సంఘం కార్డుల్లో ఒకటి తీసుకుని, కంటి మందు రాసే గడి చూసి, "ఈ మందు సకాలంలో పడివుంటే ఈ కన్ను మిగిలేదేమో" అంది. పడాల్సిన మందు ఒక్క చెంచా.

నాలుగింటికి సంఘం ఆఫీసులో సమావేశం. కార్యదర్శి మిల్లులున్న తెలుగు కుటుంబం మనిషి, ఖద్దరు చొక్కా, మెత్తటి మాట. ఆయన వెనక గోడ మీద బాగుపడిన పిల్లల సంఖ్య ఏటేటా పైకి వెళుతున్నట్టు గీసిన పటం. నేను చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు. "అమ్మాయీ, ఉండే పాలు అందరికీ చాలవు. బాగుపడిన బిడ్డ పక్కకు జరిగితేనే కదా ఇంకో బిడ్డకు చోటు. చందాలిచ్చే దొరలకు ఫలితం చూపాల కదా?" అన్నాడు. "ఆ పటంలో ఉన్నది బాగుపడిన పిల్లలు కాదండీ, మనం తిండి మానిపించిన పిల్లలు" అన్నాను. ఆయన నవ్వి, తల్లులే మోసం చేస్తుంటే సంఘం ఏం చేస్తుందన్నాడు. నేనిక ఆగలేకపోయాను. వరండాలోకి వచ్చి రాజమ్మ చెయ్యి పట్టుకున్నాను, లోపలికి తీసుకెళ్లి ఆ కన్ను చూపిద్దామని. మారక్క నా చెయ్యి విడిపించింది.

"వద్దుంగమ్మా. నా బిడ్డను ఇంక ఎవురి ముందరా నిలబెట్టను, మీరైనా సరే. ఈడ కూచోబెట్టుకోండి. నేను పోయి మాట్లాడతా."

వెళ్లింది. తలుపు తీసే ఉంది, నేను గుమ్మంలోంచి వింటున్నాను. "అయ్యా, మోసం చేసింది నేనే" అంది. "బిడ్డ కడుపు మాడ్చింది నేనే. అది ఏడుస్తా ఉంటే చెవులు మూసుకున్నాను. మీ ఇంట్లో బిడ్డ ఎడ ఎక్కితే ఏం చేస్తారు? అన్నం నిలిపేస్తారా?" ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. ఆమె మళ్లీ అంది, "బదులు చెప్పండయ్యా. నేను ఒక షిఫ్టు పోగొట్టుకుని వచ్చి ఉండా." కార్యదర్శి గడియారం చూసుకుని, వచ్చే సమావేశంలో ఆలోచిద్దామన్నాడు. నేను లోపలికి వెళ్లి ఎర్ర పెన్ను బల్ల మీద పెట్టాను. కార్డులు ఇవ్వలేదు. పది రోజులకు నన్ను పనిలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరం వచ్చింది.

తర్వాతి సంగతి రంగమ్మక్క రాయించిన ఉత్తరంలో తెలిసింది. అరవ అక్షరాల్లో తెలుగు మాటలు. పైకి చదువుకుంటే తప్ప అర్థం కాలేదు. కొత్త నర్సు తూకానికి వస్తే ఆ సందులో ఒక్క తల్లి కూడా బిడ్డను యంత్రంలో పెట్టలేదట. రెండోసారి వచ్చినా అంతే. మారక్క షెడ్డు గుమ్మంలో కూర్చుని, ముందు గంజి, తర్వాత ఎడ అందట. మూడోసారికి ఎర్రగీత తీసేశారు. ఐదేళ్ల లోపు బిడ్డలందరికీ తిండి, మందు. అయితే గుడ్డు వారానికి ఒక్కటే అయింది, పాలు పలచబడ్డాయి. రాజమ్మ మరుసటి ఏడాది బడిలో చేరింది, మొదటి వరసలో కూర్చోబెట్టారట. కార్యదర్శికి ఆ ఏడే ఉత్తమ సేవకుడని శాలువా కప్పారని కూడా రాయించింది. దాని కింద ఒక్క మాటా కలపలేదు.

ఇన్నేళ్లయినా నా కోపం చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు. ఆ కార్యదర్శి రాక్షసుడేమీ కాదు, మేమెవరమూ కాదు. లెక్క చక్కగా కుదిరింది కదా అని మురిసిపోయి, ఆ లెక్కలోంచి జారిపోయిన బిడ్డ ఏమైందో వెళ్లి చూడని మామూలు మనుషులం. నేను చేసిన తప్పుల్లో ఎర్ర పెన్ను కన్నా పెద్దది, ఆ తల్లిని అందరి ముందు తిట్టడం. క్షమించమని ఆ మదురై బస్సులోనే అడిగాను. "సరి, వదలండి" అంది. అది క్షమించడమో, విసుగో నాకిప్పటికీ తెలియదు. ఇప్పుడు ఆ మిల్లుల్లో చాలావరకు మూతపడ్డాయి, పెంకుటిళ్ల చోట మేడలు లేచాయి. తిండి కేంద్రాలు మాత్రం వేరే పేర్లతో ఉన్నాయి.

మీరు వెళితే ఒక్క పని చేయండి. కేంద్రం వాళ్లు చెప్పిన రోజున కాకుండా మామూలు రోజున, పొద్దున పదకొండింటికి, వడ్డన మొదలయ్యే వేళకు వెళ్లండి. ఆఫీసు గదిలోకి పోకండి. వంట చేసే ఆమె పక్కన కూర్చుని, "ఇక్కడికి రావడం మానేసిన పిల్లల ఇళ్లు ఎక్కడ?" అని అడగండి. చెప్పిన చోటికి నడిచి వెళ్లండి. చందా ఇవ్వాలో వద్దో ఆ తర్వాత ఆలోచించండి.