పొయ్యి ఊదే మందు

నా ఆయాసానికి ఈ రోజు మందు దొరికింది.

వేసవిలో పట్నం ఆసుపత్రిలో నా పక్కటెముక ఒకటి కోసి, ఊపిరితిత్తి చుట్టూ పట్టిన చీము తీశారు. గాయం మానింది గానీ ఊపిరి ఇంకా సగంలోనే ఆగిపోతోంది. పడుకుంటే ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుంటుంది. అందుకని మా దుకాణంలో చింతపండు బస్తాకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాను.

పొద్దున అరకు సంతకి కొండెక్కి వచ్చిన సర్కారు డాక్టరు మా అరుగు మీద కూర్చుని, గుమ్మంలో నిలబడ్డ నన్ను వదిలేసి మా వారిని అడిగారు.

"రాత్రి నిద్ర పడుతోందా?"

"బాగానే పడతాదండి బాబూ," అన్నారు వీధి అరుగు మీద గుర్రు పెట్టే మా వారు.

"పడుకోలేకపోతున్నానండీ," అన్నాను.

"మాట్లాడుతోందిగా, ఊపిరికేం లోటు లేదు. ఉత్త భయం. గట్టిగా ఊదితే ఊపిరితిత్తి విచ్చుకుంటుంది. రోజూ పొయ్యి ఊదించండి," అన్నారాయన, మా వారితోనే.

మా అత్త వెంటనే ఊదుగొట్టం తెచ్చి నా చేతిలో పెట్టింది. "డాట్రు బాబే సెప్పినాడు కదే, ఇంకేటి? బేగి ఊదు."

కట్టెలు వానకి తడిసి ఉన్నాయి. ఎంత ఊదినా మంట రాలేదు, పొగంతా నాలోకే వచ్చింది. వంటింటికి కిటికీ లేదు. జల్లు కొడుతోందని అత్త తలుపు గడియ వేసేసింది.

మీ వైపు మగవాళ్ళకి కూడా ఈ మందే చెప్పే డాక్టరు ఉంటే కాస్త కబురు పెట్టండి. ఆగి ఆగి అయినా కొండ దిగి వస్తాను.