కొండమీది సామి పేరు

ఒక కాగితాన్ని ఇంకో కాగితంతో కలపడం కంప్యూటర్లు ఇంకా నేర్చుకోని ఆ రోజుల్లో, ఆ పని మనుషుల చేత చేయించేవారు. మార్కాపురం, గిద్దలూరు వైపు ఆ మనిషిని నేనే. సుఖవ్యాధుల క్లినిక్కులో రైటరు ఉద్యోగం. మా రక్తపరీక్షల రిజిస్టరులో రోగం తేలినవాళ్లను, ఊళ్ల నుంచి నర్సమ్మలు పంపే రిజిస్టర్లలో వెతికి పట్టుకుని, సూదిమందు పడేలా చూడాలి. అట్లా ఒక్క చూపుతో రెండు రిజిస్టర్లు కలిపి, ఒక తల్లినీ ఆమె కడుపులో బిడ్డనూ కాపాడిన ఘనుణ్ని నేను. (ఒక్క చూపు అన్నమాట కాస్త సాగదీశాను. తొమ్మిది రోజులు పట్టింది.)

ఆమె పేరు లక్ష్మమ్మ, ఏడో నెల. పుల్లలచెరువు పక్క పల్లె నుంచి వచ్చి రక్తం ఇచ్చి వెళ్లింది. సవాయి రోగం, అంటే సిఫిలిస్, ఉన్నట్టు తేలింది. "కాన్పు లోపల సూది పడకపోతే బిడ్డ దక్కదు, రైటరూ" అన్నాడు డాక్టరు. రిజిస్టరులో 'లక్ష్మమ్మ, భర్త వెంకటేశ్వర్లు' అని ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. (నావే.)

బస్సు దిగి పల్లెంతా తిరిగాను. లక్ష్మమ్మలు నలుగురు దొరికారు గాని, ఒక్కరికీ వెంకటేశ్వర్లు మొగుడు కాడు. రోగం పేరు బయటపెట్టకూడదు కాబట్టి, రక్తం తక్కువైన మనిషి కోసం వచ్చానని చెప్పుకున్నాను. నాలుగో లక్ష్మమ్మకు డెబ్బై ఏళ్లుంటాయి. "నా కొడుకులే నన్ను అడగరు, నువ్వు అడగతా వచ్చినావు. నాకూ రక్తం తక్కువే నాయనా, ఏం తెచ్చినావో ఇచ్చిపో" అని చెయ్యి పట్టుకుని వదల్లేదు. జేబులో ఉన్న నిమ్మతొనల బిళ్లలు ఇచ్చి బయటపడ్డాను.

తొమ్మిదో రోజు క్లినిక్కులో తల పట్టుకుని కూర్చుంటే, మా ఆయమ్మ చీపురు పక్కన పెట్టి అడిగింది. ఆమెకు చదువు రాదు.

"ఏందన్నా, ఆ యమ్మి దొరకలేదా?"

"ఆ ఊళ్లో వెంకటేశ్వర్లే లేడు ఆయమ్మా."

"వెంకటేశ్వర్లని ఎవరు చెప్పినారు? ఆ యమ్మి మొగుని పేరు నోటితో అంటాదా? కొండమీది సామి పేరు అనింది గదా."

"అందుకే వెంకటేశ్వర్లని రాశాను."

ఆయమ్మ నన్ను జాలిగా చూసింది. "నీ ఊరు దర్శి, నీకు కొండంటే తిరపతి. పుల్లలచెరువోళ్లకు ఏ కొండన్నా? త్రిపురాంతకం శివయ్య కొండ గాదా?"

ఆ పేరు ఎక్కడో చూశానని తట్టి, బేస్తవారిపేట నర్సమ్మ పంపిన గర్భిణుల రిజిస్టరు లాగి తెరిచాను. 'లక్ష్మమ్మ, భర్త త్రిపురాంతకం, పుట్టింటికి వచ్చినది.' (ఒక్క చూపు అన్నది ఇదే. ఇది మాత్రం నిజం.)

ఆ పూటే డాక్టరు, నేను, ఆయమ్మ జీపులో వెళ్లాం. ఆమెకు సూది పడింది. మొగుణ్ని కూడా పిలిపించి పొడిపించాం. ఆరడుగుల మనిషి, సూది చూసి మంచం కోడు పట్టుకున్నాడు. రెండు నెలలకు ఆడపిల్ల పుట్టింది. డాక్టరు రెండుసార్లు పరీక్ష చేయించి, "బంగారంలా ఉంది" అన్నాడు. ఆ రోజు నేను మార్కాపురం బజార్లో ఊరికి కొత్తగా వచ్చిన కలెక్టరులా నడిచాను. ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మోకాళ్లు సహకరిస్తే మళ్లీ అట్లా నడవాలనీ ఉంటుంది.

మొన్న ఇదంతా ఆయమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"బాగానే రాసినావు గానీ అన్నా, ఆ యమ్మి కొండమీది సామి అని ఊరుకోలేదు. లింగమయ్య సామి అని రెండుసార్లు చెప్పింది. నువ్వు టీ తాగతా వినిపించుకోలేదు."